గుండె కవాట మార్పిడిలో ఆక్సీకరణ ఒత్తిడి: రక్త పరీక్షలో పెరిగేది, మాత్రలకు లొంగనిది

క్లుప్తంగా

కవాటం మార్చే ఆపరేషన్‌లో గుండెను కాసేపు ఆపుతారు, రక్తాన్ని యంత్రం గుండా తిప్పుతారు, పని పూర్తయ్యాక గుండెకు మళ్లీ రక్తం వదులుతారు. ఈ మూడింటి వల్లా శరీరంలో ఆక్సీకరణ ఒత్తిడి పెరుగుతుంది. అది రక్త పరీక్షల్లో కనిపిస్తుంది కూడా. అయినా దాన్ని అణచడానికి చేపనూనె, సెలీనియం, స్టాటిన్ మందులు ఇచ్చి చూసిన పెద్ద అధ్యయనాల్లో రోగులకు చెప్పుకోదగ్గ మేలు జరగలేదు. ఒత్తిడి పుట్టే చోటు, పుట్టే క్షణం రెండూ మాత్రలకు అందకపోవడం అందుకు ముఖ్య కారణం. ఇప్పటిదాకా అక్కరకొచ్చింది దాని మూలాలను తగ్గించడమే.

కవాట మార్పిడికి సిద్ధమవుతున్నవారికీ వారి కుటుంబాలకీ ఆక్సీకరణ ఒత్తిడి, అంటే ఆక్సిడేటివ్ స్ట్రెస్ గురించిన సమాచారం రెండు వైపుల నుంచి వస్తుంది. ఆపరేషన్ తర్వాత అది పెరుగుతుందని పరిశోధనా పత్రాలు చెబుతాయి. దాన్ని తగ్గిస్తామని యాంటీఆక్సిడెంట్ మాత్రల డబ్బాల మీద రాసి ఉంటుంది. రెంటినీ కలిపి చదివితే, ముందు నుంచే మాత్రలు మొదలుపెడితే సరిపోతుందని ఎవరికైనా తోస్తుంది. గుండె వైద్యులు మాత్రం సాధారణంగా ఆ మాత్రలు రాయరు. ఎందుకో తెలియాలంటే ఈ ఒత్తిడి ఏ దశలో, ఎక్కడ, ఎంతసేపు పుడుతుందో విడివిడిగా చూడాలి.

అసలు ఏమిటీ ఒత్తిడి

కణాల్లోని మైటోకాండ్రియా ఆక్సిజన్‌ను వాడుకుని శక్తిని తయారుచేస్తుంది. ఆ క్రమంలో కొన్ని ఎలక్ట్రాన్లు దారి తప్పి నేరుగా ఆక్సిజన్‌కు అంటుకుంటాయి. అలా పుట్టేది సూపర్ఆక్సైడ్. దాన్ని హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా మార్చే ఎంజైమ్‌ను 1969లో జో మెక్‌కార్డ్, ఇర్విన్ ఫ్రిడోవిచ్ గుర్తించారు. అదే సూపర్ఆక్సైడ్ డిస్మ్యూటేజ్. ఆ పెరాక్సైడ్‌ను మరికొన్ని ఎంజైమ్‌లు నీరుగా మార్చేస్తాయి. దగ్గర్లో విడి ఇనుము ఉంటే మాత్రం చిక్కే. అప్పుడు పెరాక్సైడ్ నుంచి హైడ్రాక్సిల్ రాడికల్ పుడుతుంది. అది కొవ్వునూ ప్రోటీన్‌నూ డీఎన్ఏనూ దేన్నీ వదలదు. పుట్టిన చోటు నుంచి కదిలేలోపే పక్కనున్న దానితో చర్య జరిపేస్తుంది.

ఇలాంటి అణువులు పుట్టే వేగం, వాటిని శరీరం తొలగించే వేగాన్ని మించిపోయిన స్థితే ఆక్సీకరణ ఒత్తిడి. ఈ భావనకు 1985లో స్పష్టమైన రూపం ఇచ్చినవారు జర్మన్ జీవరసాయన శాస్త్రవేత్త హెల్ముట్ సీస్.

మాత్రల ప్రచారంలో మరుగున పడే సంగతి ఒకటుంది. ఈ అణువులతో శరీరానికి పని ఉంది. తెల్ల రక్తకణాలు బ్యాక్టీరియాను చంపేటప్పుడు వీటిని వాడుకుంటాయి. కొద్ది మోతాదులో హైడ్రోజన్ పెరాక్సైడ్ కణంలో సంకేతాలు మోస్తుంది. గుండెకు రక్తాన్ని కొన్ని నిమిషాలు ఆపి, వదిలి, మళ్లీ ఆపితే ఆ తర్వాత వచ్చే పెద్ద దెబ్బను గుండె బాగా తట్టుకుంటుందని 1986లో కుక్కల మీద జరిగిన ప్రయోగంలో తేలింది. ఆ రక్షణ మేల్కొనడానికి కూడా కొంత మేర ఫ్రీ రాడికల్స్, అంటే సూపర్ఆక్సైడ్ వంటి ఈ చురుకైన అణువులు, కావాలని తర్వాతి ప్రయోగాలు చూపాయి. అన్నింటినీ తుడిచిపెట్టడం మంచిదేనన్న ఊహ ఇక్కడే బలహీనపడుతుంది.

ఆపరేషన్ బల్ల ఎక్కకముందే

కవాట రోగి ఆరోగ్యవంతమైన గుండెతో ఆపరేషన్‌కు రాడు. బృహద్ధమని కవాటం సున్నం పట్టి బిగుసుకుపోతే ఎడమ జఠరిక ఏళ్ల తరబడి ఎక్కువ పీడనంతో రక్తాన్ని నెట్టాల్సి వస్తుంది. దాంతో కండరం మందమవుతుంది. కండరం పెరిగినంతగా దానికి రక్తం అందించే సన్నని నాళాలు పెరగవు. లోపలి పొరలకు ఆక్సిజన్ అంతంత మాత్రంగానే అందుతుంది. అక్కడి మైటోకాండ్రియా అప్పటికే అరకొరగా పనిచేస్తుంటుంది.

కవాటం కూడా ఊరికే అరిగిపోదు. ఆపరేషన్‌లో తీసేసిన కవాటాలను పరిశీలించినప్పుడు సున్నం పట్టిన భాగాల చుట్టూ సూపర్ఆక్సైడ్, హైడ్రోజన్ పెరాక్సైడ్ ఎక్కువగా, వాటిని తొలగించే ఎంజైమ్‌లు తక్కువగా కనిపించాయని 2008లో వెలువడిన పరిశోధనలు తెలిపాయి. లైపోప్రోటీన్(ఎ) అనే కొవ్వు కణం ఆక్సీకరణం చెందిన ఫాస్ఫోలిపిడ్లను మోసుకొస్తుంది. వంశపారంపర్యంగా అది ఎక్కువగా ఉన్నవారికి ఈ కవాట జబ్బు ముప్పు కూడా ఎక్కువ. కొవ్వును తగ్గించే స్టాటిన్లు జబ్బును నెమ్మదింపజేస్తాయన్న ఆశతో 2005, 2008, 2010లలో మూడు నియంత్రిత అధ్యయనాల ఫలితాలు వచ్చాయి. మూడూ నిరాశపరిచాయి. ఆక్సీకరణ జబ్బులో భాగమైనంత మాత్రాన దాని దారిని మందుతో మళ్లించగలమని కాదని అప్పుడే ఒక హెచ్చరిక అందింది.

మైట్రల్ కవాటం చెడినప్పుడు భారం ఎక్కువగా ఎడమ కర్ణిక మీద పడుతుంది. అది సాగి, గోడల్లో నారపదార్థం పేరుకుంటుంది. సాగిన కర్ణిక కణజాలంలో ఎన్ఏడీపీహెచ్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ చురుగ్గా ఉండి సూపర్ఆక్సైడ్‌ను తయారుచేస్తుంది. ఆపరేషన్ తర్వాత లయ తప్పడానికి నేల ముందే సిద్ధమై ఉంటుందన్నమాట.

గుండె ఆగినప్పుడు

కవాటం మార్చాలంటే బృహద్ధమనిని క్లాంప్‌తో మూసి, పొటాషియం కలిపిన కార్డియోప్లీజియా ద్రవంతో గుండెను నిలిపివేస్తారు. కొట్టుకోని, చల్లబడిన గుండెకు ఆక్సిజన్ అవసరం బాగా పడిపోతుంది. అవసరం తగ్గుతుందే తప్ప పూర్తిగా పోదు. ఒక్క కవాటానికైతే క్లాంప్ తరచుగా గంటకు అటూ ఇటూ ఉంటుంది. రెండు కవాటాలో, కవాటంతో పాటు బైపాస్ గ్రాఫ్టులో ఉంటే అంతకంటే చాలా ఎక్కువసేపు.

ఆ గంటలో కణానికి శక్తినిచ్చే ఏటీపీ కరుగుతూ వస్తుంది. అది విరిగి హైపోక్సాంథిన్ పోగవుతుంది. మైటోకాండ్రియాలో సక్సినేట్ అనే పదార్థం కూడా పేరుకుంటుంది. ఈ దశలో ఫ్రీ రాడికల్స్ పెద్దగా పుట్టవు, ఎందుకంటే వాటికి కావాల్సిన ఆక్సిజనే లేదు. జరుగుతున్నదల్లా ముడిసరుకు పేరుకోవడం.

క్లాంప్ తీసిన మొదటి నిమిషాలు

ఆక్సిజన్ నిండిన రక్తం ఒక్కసారిగా లోపలికి వస్తుంది. గుండె కోలుకునేది దానితోనే, గాయపడేదీ దానితోనే. పోగైన సక్సినేట్ వేగంగా దహనమవుతుంది. ఎలక్ట్రాన్లు మైటోకాండ్రియాలోని కాంప్లెక్స్ 1 అనే ప్రోటీన్ సముదాయంలోకి వెనక్కి ప్రవహించి, అక్కడ సూపర్ఆక్సైడ్ వెల్లువెత్తుతుంది. ఈ యంత్రాంగాన్ని 2014లో ఎలుకల గుండెల మీద స్పష్టంగా చూపించారు. వెల్లువ ప్రధానంగా మొదటి కొద్ది నిమిషాల్లోనే.

అదే సమయంలో కాల్షియం కణంలోకి హద్దు మీరి చేరుతుంది. ఆక్సీకరణం, కాల్షియం రెండూ కలిస్తే మైటోకాండ్రియా పొరలో ఒక రంధ్రం తెరుచుకుంటుంది. అది తెరుచుకుని మూసుకోకపోతే ఆ కణం బతకదు. బతికిన కణాలు కూడా కొన్ని గంటలపాటు మొద్దుబారినట్టు బలహీనంగా కొట్టుకుంటాయి. ఐసీయూలో మొదటి రోజు గుండెకు ఊతమిచ్చే మందులు కొందరికి అవసరం కావడానికి ఇదొక కారణం.

పాత పాఠ్యపుస్తకాల్లో ఈ గాయానికి ప్రధాన దోషిగా శాంథిన్ ఆక్సిడేజ్ కనిపిస్తుంది. హైపోక్సాంథిన్‌ను వాడుకుని సూపర్ఆక్సైడ్‌ను పుట్టించే ఎంజైమ్ ఇది. ఎలుక గుండెలో ఇది దండిగా ఉంటుంది, మనిషి గుండె కండరంలో చాలా తక్కువ. దాన్ని అడ్డుకునే అలోప్యూరినాల్ జంతువుల్లో బాగా పనిచేసి, మనుషుల్లో ఒక్కో అధ్యయనంలో ఒక్కో ఫలితం ఇవ్వడానికి ఈ తేడా కొంతవరకు కారణమై ఉండవచ్చు. ప్రయోగశాల ఫలితాన్ని నేరుగా ఆసుపత్రికి అన్వయించడంలో ఉన్న ప్రమాదం ఇందులో చూడవచ్చు.

యంత్రం వంతు

1953 మేలో జాన్ గిబ్బన్ ఫిలడెల్ఫియాలో హార్ట్-లంగ్ మెషీన్‌తో తొలి విజయవంతమైన ఆపరేషన్ చేశారు. 1960లో ఆల్బర్ట్ స్టార్, ఇంజనీర్ లోవెల్ ఎడ్వర్డ్స్ రూపొందించిన బంతి కవాటం మైట్రల్ స్థానంలో చేరింది. ఆ యంత్రం లేకుండా ఛాతీ తెరిచి కవాటం మార్చడం కుదరదు. బైపాస్ గ్రాఫ్ట్ ఆపరేషన్‌ను గుండె కొట్టుకుంటుండగానే చేసే వీలుంది. కవాటం దగ్గరికి వెళ్లాలంటే గుండెనో బృహద్ధమనినో తెరవాల్సిందే కాబట్టి ఇక్కడ ఆ వెసులుబాటు లేదు.

యంత్రం నుంచి ఒత్తిడి మూడు దారుల్లో వస్తుంది. మొదటిది, ప్లాస్టిక్ గొట్టాలను తాకిన రక్తంలో కాంప్లిమెంట్ అనే రోగనిరోధక ప్రోటీన్ల వ్యవస్థ మేల్కొంటుంది, న్యూట్రోఫిల్ అనే తెల్ల రక్తకణాలు రెచ్చిపోయి సూపర్ఆక్సైడ్‌నూ హైపోక్లోరస్ ఆమ్లాన్నీ వదులుతాయి. లేని సూక్ష్మజీవి మీద యుద్ధం అది. రెండోది, పంపుల ఒరిపిడికి, అంతకంటే ఎక్కువగా ఛాతీలో చేరిన రక్తాన్ని పీల్చే సక్షన్‌కు ఎర్ర రక్తకణాలు చితికిపోతాయి. వాటిలోని హీమోగ్లోబిన్ ప్లాస్మాలోకి వస్తుంది. దాన్ని పట్టి ఉంచే హాప్టోగ్లోబిన్ అయిపోయాక మిగిలిన హీమోగ్లోబిన్ రక్తనాళాలను సడలించే నైట్రిక్ ఆక్సైడ్‌ను మింగేస్తుంది, మూత్రపిండాల నాళికల్లోకి ఇనుమును చేరుస్తుంది. ఇనుము చేరిన చోట హైడ్రాక్సిల్ రాడికల్ పుట్టే అవకాశం గురించి పైన చెప్పుకున్నదే. గుండె ఆపరేషన్ తర్వాత కిడ్నీలు దెబ్బతినడానికి ఉన్న పలు కారణాల్లో ఇదొకటి.

మూడో దారి ఆక్సిజనే. మామూలు గాలి పీల్చేవారి ధమని రక్తంలో ఆక్సిజన్ పీడనం సుమారు 80 నుంచి 100 మిల్లీమీటర్ల పాదరసం. యంత్రం మీద ఉన్నప్పుడు అది తరచుగా 200 దాటుతుంది. తక్కువైతే మెదడుకు ప్రమాదమన్న భయంతో ఎక్కువ ఇవ్వడం అలవాటుగా మారింది.

తొడ నుంచి పెట్టే కవాటంతో పోలిక

2002 ఏప్రిల్‌లో ఫ్రాన్స్‌లోని రువాన్‌లో అలాన్ క్రిబియే కాథెటర్ ద్వారా తొలిసారి మనిషికి బృహద్ధమని కవాటం అమర్చారు. ఇప్పుడు దీన్ని తావీ అంటున్నారు. ఇందులో సాధారణంగా గుండెను ఆపరు, యంత్రం ఉండదు, క్లాంప్ ఉండదు. కొన్ని సెకన్లపాటు గుండెను అతివేగంగా కొట్టించడం మాత్రం తరచుగా అవసరమవుతుంది. ఆక్సీకరణ దెబ్బ తక్కువగా ఉండాలని సహజంగానే అనిపిస్తుంది. ముప్పు తక్కువగా ఉన్న రోగులపై జరిగి 2019లో వెలువడిన పార్ట్‌నర్ 3 అధ్యయనంలో, కొత్తగా ఎట్రియల్ ఫిబ్రిలేషన్ (కర్ణికలు లయ తప్పి కొట్టుకోవడం) వచ్చినవారు నెల రోజుల్లో తావీ వర్గంలో 5 శాతం, ఆపరేషన్ వర్గంలో 39.5 శాతం.

ఇంత తేడాను ఆక్సీకరణ ఖాతాలోనే రాయడం సరికాదు. ఛాతీ తెరవడం, గుండె పైపొర కోయడం, కర్ణికలో గొట్టాలు పెట్టడం, ఆ తర్వాతి వాపు, నొప్పి, ద్రవాల హెచ్చుతగ్గులు అన్నీ లయను చెడగొట్టగలవు. తావీలో ఎక్స్-రేలో నాళాలు కనిపించేందుకు వాడే కాంట్రాస్ట్ ద్రవం కిడ్నీల మీద తనదైన భారం మోపుతుంది కూడా. ఏ పద్ధతి ఎవరికన్నది వయసు, కవాటం ఆకృతి, ఎంతకాలం మన్నాలి అన్న లెక్కల మీద నడిచే నిర్ణయం. అందులో ఆక్సీకరణ ఒత్తిడికి ఇప్పటికైతే స్థానం లేదు.

కొలిచేది దేన్ని

ఫ్రీ రాడికల్‌ను నేరుగా కొలవడం దాదాపు అసాధ్యం, దాని ఆయువు అంత తక్కువ. అందుకని అది మిగిల్చిన జాడలను కొలుస్తారు: కొవ్వులు చెడితే వచ్చే మాలొండయాల్డిహైడ్, ఎఫ్2-ఐసోప్రోస్టేన్లు, ప్రోటీన్ కార్బొనైళ్లు, గ్లూటాథయాన్ రెండు రూపాల నిష్పత్తి. ఐసోప్రోస్టేన్ల పరీక్ష వీటిలో నమ్మదగినది, ఖరీదైనది. చౌకగా జరిగే మాలొండయాల్డిహైడ్ రంగు పరీక్ష ఇతర పదార్థాలకూ స్పందిస్తుంది.

చేతి రక్తనాళం నుంచి తీసిన రక్తంలో వీటిని చూసి గుండె మైటోకాండ్రియాలో ఏం జరిగిందో చెప్పడం, వీధి చివర నిలబడి ఏ ఇంట్లో ఏం మాడిందో వాసన పట్టి చెప్పడం లాంటిది. ఊపిరితిత్తులు, కాలేయం, చితికిన ఎర్ర కణాలు, రెచ్చిన న్యూట్రోఫిల్స్ అన్నిటి జాడలూ ఆ రక్తంలో కలగలిసి ఉంటాయి. పైగా యంత్రంలో నింపిన ద్రవం వల్ల రక్తం పలచబడుతుంది. ఆ మేరకు లెక్క సవరించని అధ్యయనాల్లో ఒత్తిడి అసలు కంటే తక్కువగా కనబడవచ్చు. చిన్న అధ్యయనాల ఫలితాలు ఒకదానితో ఒకటి పొసగకపోవడంలో ఈ కొలతల గందరగోళం పాత్ర తక్కువేమీ కాదు.

మందులు ఎందుకు గెలవలేదు

జాబితా చిన్నదేమీ కాదు. ఆపరేషన్ తర్వాతి ఎట్రియల్ ఫిబ్రిలేషన్‌ను చేపనూనె ఆపుతుందేమోనని 1516 మందితో జరిగిన ఒపెరా అధ్యయనం 2012లో వెలువడింది. తగ్గలేదు. రోసువాస్టాటిన్‌ను 1922 మందిపై పరీక్షించిన స్టిక్స్ అధ్యయనం 2016లో వచ్చింది. లయ తప్పడం, గుండె కండర నష్టం తగ్గలేదు సరికదా, కిడ్నీ దెబ్బ కొంచెం ఎక్కువైంది. అధిక మోతాదు సెలీనియంను 1400 మందికి పైగా రోగుల్లో చూసి 2023లో ఫలితం ప్రకటించారు, అక్కడా మేలు లేదు. వాపును అణచే స్టెరాయిడ్‌తో 7507 మందిపై సాగిన సర్స్ అధ్యయనం 2015లో మరణాలు తగ్గలేదని తేల్చింది.

విటమిన్ సి పరిస్థితి కొంత భిన్నం. చిన్న అధ్యయనాలన్నిటినీ కలిపి లెక్కిస్తే ఎట్రియల్ ఫిబ్రిలేషన్ తగ్గినట్టు కనిపిస్తుంది. కాకపోతే ఆ అధ్యయనాల నాణ్యత, మోతాదులు ఒకదానికొకటి పోలిక లేనివి. సెప్సిస్ (ఇన్ఫెక్షన్ వల్ల అవయవాలు దెబ్బతినే స్థితి) రోగుల్లో అధిక మోతాదు విటమిన్ సి ఇచ్చిన లోవిట్ అధ్యయనంలో, 2022లో, మరణం లేదా అవయవాల వైఫల్యం కొనసాగడం మందు తీసుకున్నవారిలోనే ఎక్కువగా నమోదైంది. అది వేరే జబ్బు, నిజమే. విటమిన్ కదా, ఏం నష్టం అనే ధీమాకు మాత్రం అది సమాధానం.

అన్నిటికంటే ఆలోచింపజేసేది 2024లో వెలువడిన ఒక అధ్యయనం. గుండె ఆపరేషన్‌కు వచ్చిన 200 మందిలో సగం మందికి నూరు శాతం ఆక్సిజన్, మిగతావారికి రక్తంలో ఆక్సిజన్ మామూలు స్థాయిలో ఉండటానికి సరిపడినంతే ఇచ్చారు. ఎక్కువ ఆక్సిజన్ అందినవారిలో ఆక్సీకరణ నష్టం జాడలు ఆపరేషన్ సమయంలో పెరిగాయి. కిడ్నీ దెబ్బలో మాత్రం తేడా రాలేదు. సూచిక పైకి వెళ్లినప్పుడల్లా అవయవం చెడుతుందని అనుకోవడానికి వీల్లేదని దీని అర్థం. సూచికను కిందికి దింపినంత మాత్రాన అవయవం బాగుపడకపోవడంలోనూ అప్పుడు వింత ఏమీ ఉండదు.

రసాయన శాస్త్రం వైపు నుంచి చూస్తే మరో కారణం ఉంది. సూపర్ఆక్సైడ్ నైట్రిక్ ఆక్సైడ్‌తో ఎంత వేగంగా చర్య జరుపుతుందంటే, రెండు అణువులు ఎదురుపడటమే ఆలస్యం. దానితో పోటీపడాలంటే రక్తంలో విటమిన్ సి మామూలు స్థాయికి ఎన్నో రెట్లు ఉండాలి. మాత్రలు మింగితే ఆ స్థాయి రాదు, పేగులు అంతకు మించి పీల్చుకోవు. విటమిన్ ఇ కొవ్వు పొరల్లో చేరడానికి రోజులు పడుతుంది. గాయం జరిగేది క్లాంప్ తీసిన నిమిషాల్లో, మైటోకాండ్రియా లోపలి పొర దగ్గర. మందు అక్కడికి, అప్పటికి చేరాలి.

ఆపరేషన్ గదిలో మారినవి

మందుల వైపు గెలుపులు లేకపోయినా మూలాలను తగ్గించడంలో మాత్రం పని జరిగింది. రక్తంతో కలిపిన కార్డియోప్లీజియా ఎర్ర కణాల్లోని సహజ యాంటీఆక్సిడెంట్ ఎంజైమ్‌లను కూడా వెంట తీసుకెళ్తుంది. హెపారిన్ పూసిన గొట్టాలు, చిన్న సర్క్యూట్లు కణాలను తక్కువగా రెచ్చగొడతాయి. ఛాతీలో చేరిన రక్తాన్ని నేరుగా వెనక్కి పంపకుండా సెల్ సేవర్‌లో కడిగి ఎక్కిస్తే విడి హీమోగ్లోబిన్ చాలావరకు బయటే ఉండిపోతుంది. మందమైన జఠరికకు ద్రవాన్ని మళ్లీ మళ్లీ, కొన్నిసార్లు వెనుక దారిన, గుండె సిరలు కలిసే కరోనరీ సైనస్ నుంచి కూడా పంపుతారు. వీటన్నిటికంటే క్లాంప్ సమయం తగ్గడం ముఖ్యం. అది సర్జన్ నేర్పు మీద, ముందస్తు ప్రణాళిక మీద ఆధారపడిన విషయం. డబ్బాలో అమ్మే వస్తువు కాదు గనుక ప్రచారంలోకి రాదు.

ఇంటికి వెళ్లాక

కొత్త కవాటంతో కొంత ఒత్తిడి మిగిలే ఉంటుంది. లోహపు కవాటాల్లో ఎర్ర కణాలు స్వల్పంగా చితకడం మామూలే. కవాటం అంచున లీకు ఉంటే అది ఎక్కువవుతుంది, కణాలు చితికితే రక్తంలోకి వచ్చే ఎంజైమ్ ఎల్‌డీహెచ్ పెరగడం, రక్తహీనత దాని గుర్తులు. జంతు కణజాలపు కవాటాలు సుమారు 10 నుంచి 15 ఏళ్లలో అరగడానికి సున్నం పట్టడం ప్రధాన కారణమైనా, తీసిన పాత కవాటాల ప్రోటీన్లలో ఆక్సీకరణ గుర్తులూ కనిపించాయి.

మాత్రల ప్రశ్న ఇక్కడ ప్రమాదకరంగా మారే వీలుంది. లోహపు కవాటం ఉన్నవారు రక్తం గడ్డకట్టకుండా చూసే వార్ఫరిన్ జీవితాంతం వాడాలి. అధిక మోతాదు విటమిన్ ఇ, చేపనూనె, జింకో వంటివి రక్తస్రావం ముప్పును పెంచగలవు. మరికొన్ని మూలికా మాత్రలు వార్ఫరిన్ ప్రభావాన్ని ఎటైనా మార్చగలవు. ఇలాంటివి ఏవి వాడుతున్నా ఆపరేషన్‌కు ముందూ తర్వాతా వైద్యులకు చెప్పడం, రక్తం గడ్డకట్టే తీరును చూపే ఐఎన్‌ఆర్ పరీక్ష తప్పించకుండా చేయించుకోవడం అవసరం. పొగ మానేయడం, చక్కెర అదుపు, రక్తహీనతను ముందే సరిదిద్దడం ఆపరేషన్ ముప్పును తగ్గించేందుకు వైద్యులు సూచించే పనులు. వాటి మీద యాంటీఆక్సిడెంట్ అన్న ముద్ర ఉండదు.

తర్వాతి అడుగు ఎటు

పరిశోధన ఇప్పుడు రక్తమంతా నింపే యాంటీఆక్సిడెంట్ల నుంచి మైటోకాండ్రియాను గురిపెట్టే అణువుల వైపు జరుగుతోంది. సక్సినేట్ దహనాన్ని క్షణకాలం అడ్డుకునే మాలొనేట్, ఎలుకల్లోనూ పందుల్లోనూ రక్తం వదిలే సమయంలో ఇస్తే గుండె నష్టాన్ని తగ్గించింది. హార్ట్ ఎటాక్ రోగిలో నాళం ఎప్పుడు మూసుకుందో కచ్చితంగా తెలియదు, రోగి వచ్చేసరికి గంటలు గడిచిపోతాయి. కవాట ఆపరేషన్‌లో క్లాంప్ పెట్టే సమయం, తీసే సమయం రెండూ సర్జన్ చేతిలోనే ఉంటాయి. బృహద్ధమనిలోకి మందు ఎక్కించే గొట్టం కూడా అప్పటికే అమర్చి ఉంటుంది. నిమిషం లెక్కన పనిచేసే ఇలాంటి మందును మనుషుల్లో పరీక్షించడానికి ఇంతకంటే అనువైన చోటు వైద్యంలో మరొకటి దొరకడం కష్టం.